చల్లగాలి తగిలిన అతుకు

ఆయిల్‌డేల్, కాలిఫోర్నియా
20 ఫిబ్రవరి 2003

డార్లాకి,

మీ పెదనాన్న ఆర్వల్ టాకెట్ తన చేత్తో తానే రాస్తున్నది. నాలుగో తరగతితో బడి ముగించినవాణ్ణి. తప్పులుంటే నువ్వే దిద్దుకో, నాకు తిప్పి పంపకు. రెండుసార్లు ఫోన్ చేశావని మీ పెద్దమ్మ ఇర్మా చెప్పింది. చేసి ఏం లాభం? నైట్రో పోసి నడిపే రేసు ఇంజిన్ల పక్కన నిలబడి నిలబడి పాడైన చెవులు ఇవి. నెత్తిన పిడుగు పడినా "ఎవరో తలుపు కొడుతున్నారు చూడు" అంటానట. నాతో పనుంటే కాగితమే.

మీ నాన్న పోయాడని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నవంబర్లో పోతే ఫిబ్రవరిలో చెప్పావు. మేమిద్దరం ముప్పై తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు, అది నిజమే. అయినా పాతిపెట్టే ముందు ఒక ముక్క రాయాల్సింది. ఇర్మా రెండ్రోజులు ఏడ్చింది. నేను గ్యారేజీలోకి పోయి పానాలన్నీ తుడిచి, మళ్ళీ తుడిచాను.

ఇక మా పాత రేసు బండి సంగతి. మీ కొట్టంలో దూలాలకి వేలాడుతోందన్నావు. దాన్ని నువ్వూ నీ మొగుడు లైలూ బాగుచేసి అక్టోబర్లో ఇక్కడ ఫమోసో రేసు మైదానానికి తెస్తామన్నావు. ఆ పాత బళ్ళ పండగ నేనూ చూశాను. పందెం లేదు, పాడూ లేదు. ముసలి బళ్ళని తోసి, ఇంజిన్ మోగించి, నాలుగు మంటలు చూపించి ఆపేస్తారు. పళ్ళూడిన పులిని ఊరేగించినట్టుంటుంది. అయినా తెస్తే తే. కానీ నా మాటలు వినాలి.

ఒకటి, ఎరుపు తప్ప ఇంకో రంగు పడకూడదు. రెండు, క్రోమ్ పూత ఎక్కడా వద్దు. మూడోది జాగ్రత్తగా చదువు. సీటు ముందు రేకు మీద తోలేవాడి పేరు రాయించడం మాలో ఆచారం. అక్కడ మీ నాన్న పేరు రాయించకు.

ఎందుకో నీకు తెలియకపోతే తెలుసుకో. ఆ బండి ఫ్రేము నేను కట్టాను, ఇంజిన్ నేను పేర్చాను. స్టార్టరు లేని బండి, నా పికప్పుతో వెనకనుంచి తోస్తేనే లేచేది. మీ నాన్న డెల్బర్ట్ తోలేవాడు. అరవై నాలుగు మార్చి పందేల్లో ఆఖరి పోటీకి వచ్చాం. పావుమైలులో సగం దాకా మనమే ముందు, అవతలివాడు మన పొగ తింటున్నాడు. అప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు నీ కన్నతండ్రి. ఇంజిన్ చెడలేదు, టైరు పోలేదు. కాలు తీసేశాడు. ఎందుకురా అంటే "భయమేసింది అన్నా" అన్నాడు, అంతమంది ముందర.

పేరు రాయించకు. అంతే.

ఆర్వల్

*

జాప్లిన్, మిసోరీ
9 మార్చి 2003

పెదనాన్నకు నమస్కారాలు,

మీరు జవాబు రాస్తారనుకోలేదు. లైల్ పందెం కాసి ఓడిపోయాడు, వారం రోజులు గిన్నెలు అతనే తోమాలి.

నాన్న పోయినప్పుడు చెప్పకపోవడం నా తప్పే. "ఆర్వల్‌కి చెప్పకండి, పనులు మానుకుని వస్తాడు" అన్నాడు ఆఖర్న. మీరు రారు అనే అర్థంలో అన్నాడో, వస్తారు అనే అర్థంలో అన్నాడో నాకిప్పటికీ తెలియదు.

ఇక్కడికొచ్చాక నాన్న మళ్ళీ రేసు బండి ఎక్కలేదు. కొన్నాళ్ళు పాల లారీ తోలాడు, తర్వాత ధాన్యం లారీ. కొట్టంలో పైన ఎర్రగా వేలాడుతుంటే చిన్నప్పుడు అడిగేదాన్ని, "ఎందుకు మానేశావు నాన్నా?" అని. "భయమేసిందమ్మా" అనేవాడు. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. ఒకసారి పక్కవాళ్ళ కొట్టం మీద మూడంతస్తుల ఎత్తున నిప్పంటుకుంటే గుర్రాల కోసం లోపలికి దూకిన మనిషి అతను. ఆ మనిషికి భయమేంటో నాకెప్పుడూ అర్థం కాలేదు. మీరన్నది చదివాక ఇంకా అర్థం కాలేదు.

పేరు మాత్రం రాయిస్తాను పెదనాన్నా. గెలిచినా ఓడినా తోలింది ఆయనే కదా.

ఒక చెడ్డ వార్త. ముందు ఇరుసుకి క్రోమ్ పూత వేయించమని లైల్ జనవరిలోనే పంపేశాడు. తిరిగొచ్చింది. ముద్దుగానే ఉంది.

ఇంకో మాట. రంగు గీకుతుంటే సీటు కింద ఎడమ గొట్టం మీద, తోలేవాడి తల మీది రోల్‌బారు కమాను కలిసేచోట, పైనించి తొడిగిన ఇనప తొడుగు ఒకటి బయటపడింది. చీల్చిన గొట్టం ముక్కని చుట్టి, రెండు బిగింపు పట్టీలు వేసి, అతికి, పైన రంగు పూశారు. ఇది మీరు వేసిందేనా? తీసేయాలా, ఉంచాలా? లైల్ దాన్ని కోసి చూద్దామంటున్నాడు.

మీ తమ్ముడి కూతురు,
డార్లా

*

ఆయిల్‌డేల్
17 మార్చి 2003

డార్లాకి,

ఇరుసుకి క్రోమ్ వేయించావు. రేపు చక్రాలకి గాజులు తొడిగించు, ఎల్లుండి జడ వేయించు. చెప్పకముందే చేసి, చేసి ముద్దుగా ఉంది అంటావు. అచ్చం మీ నాన్నే.

ఆ తొడుగు సంగతి విను. అది నాది కాదు. నా అతుకుల మీద తొడుగులుండవు. నా చేతి కింద కట్టిన గొట్టం మీద పట్టీలు వేసిన గాడిద ఎవడో మీ మిసోరీలో ఉన్నాడు, వాణ్ణి అడుగు. ఆ గొట్టం మామూలు ఇనుము కాదు, విమానాలకి వాడే ఉక్కు. దాని మీద ఇష్టమొచ్చినట్టు అతకడానికి వీల్లేదు. ఆ రోజుల్లో ఫమోసోలో పరిగెత్తే బళ్ళలో పన్నెండింటి ఫ్రేములు నా అతుకులే. మూడు జిల్లాల నుంచి నా గ్యారేజీకి మోసుకొచ్చేవాళ్ళు. ఒక్కటీ విరగలేదు.

కాబట్టి కోసి పారేసి కొత్త ముక్క వేయించు. గుర్రాలూ నిప్పూ అని నాకు కథలు రాయకు. గుర్రాల కోసం దూకినవాడు నా బండిలో కాలు ఎందుకు తీశాడో అది చెప్పు.

ఇర్మా నీకు నారింజ పండ్ల మురబ్బా పంపుతోంది. సీసా పగిలితే నన్ననకు, కట్టింది ఆమె.

పెదనాన్న

*

జాప్లిన్
6 ఏప్రిల్ 2003

పెదనాన్నకు,

మురబ్బా పగలకుండా చేరింది. పెద్దమ్మకి నా కృతజ్ఞతలు. మీకు మాత్రం కాదు.

మిసోరీలో ఈ బండిని ఎవరూ ముట్టుకోలేదు. అరవై నాలుగు ఏప్రిల్లో వచ్చింది, అదే వారం పైకెక్కింది, నాన్న పోయేదాకా దిగలేదు. నేను దాని ఎదురుగా పెరిగాను, నాకు తెలుసు.

తొడుగు ఒక పక్క కోసి చూశాం. దాని కింద గొట్టం చుట్టూ మూడొంతులు పగిలి ఉంది. సరిగ్గా మీ అతుకు అంచున. మిగిలిన ఒక వంతే సీటునీ, సీటులో మనిషినీ పట్టుకుని ఉంది. లైల్ దాన్ని చూసి కొట్టంలోంచి బయటికెళ్ళి కూర్చున్నాడు.

తొడుగుని ఇత్తడితో అతికారు. దాని మీద రంగు మిగతా బండి రంగే. ఈ రంగు కోసం మూడు దుకాణాలు తిరిగాను, ఎవడూ కలపలేకపోయాడు. ఎండలో పెడితే లోపల కంచు పొడి మెరుస్తుంది. మీరే ట్రాక్టరు ఎరుపులో కంచు పొడి కలిపి చేశారని, ఆ డబ్బా మీ గ్యారేజీ దాటి బయటికి పోయేది కాదని నాన్న గొప్పగా చెప్పేవాడు. పెచ్చు ఒకటి ఈ కాగితానికి అంటించాను, ఫొటో కూడా పెట్టాను. చూసుకోండి.

అంటే ఆ తొడుగు పడింది మీ గ్యారేజీలో. ఇప్పుడు నాకు అర్థమైంది. మీ అతుకు పగిలిందని మీకు తెలుసు. మీరే తొడుగు వేసి, మీరే రంగు పూసి దాచారు. మా నాన్నని పిరికివాడిగా ఊరి నుంచి పంపించారు. ఇంకా ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత ఆయన పేరు రాయించొద్దంటున్నారు.

మీరు జవాబు రాయనక్కర్లేదు.

డార్లా

*

ఆయిల్‌డేల్
12 ఏప్రిల్ 2003

డార్లా,

నేను దాచే రకం కాదు. నేను తిడతాను, కొడతాను, ముఖం మీద అంటాను. దాచను. డెబ్భై ఆరేళ్ళలో ఎవడూ నన్ను ఆ మాట అనలేదు. నా తమ్ముడి కూతురు అంది.

పైగా నేను ఇత్తడి వాడను. ఆ ఉక్కు మీద ఇత్తడి పెట్టేవాడికి పని తెలియదు. అది నాకు అంటగట్టడం పిరికివాడనడం కంటే పెద్ద తిట్టు.

బండి నీది. ఏ రంగైనా పూసుకో, ఎవడి పేరైనా రాయించుకో. ఇటు తీసుకురాకు.

ఆర్వల్ టాకెట్

*

ఆయిల్‌డేల్
3 మే 2003

అమ్మా డార్లా,

మొన్నటి ఉత్తరం పోస్టు పెట్టె నోట్లో వేసి, చెయ్యి బయటికి తీయకముందే ఇత్తడి గుర్తొచ్చింది. పోస్టుమాస్టరుని వెనక్కిమ్మంటే ఇవ్వనన్నాడు, చట్టమట. వాడితో పోట్లాడి ఇంటికొచ్చాను. మూడు వారాల నుంచి ఈ ఉత్తరం మొదలెట్టి చింపుతున్నాను. ఇర్మా బుట్ట నిండిందని గొడవ.

డెల్బర్ట్‌కి వెల్డింగు రాదు. నేను నేర్పలేదు. వాడికి నేర్పింది ఇత్తడి అతుకు ఒక్కటే, నీళ్ళ డబ్బాలకీ పొగ గొట్టాలకీ పనికొచ్చేది. అది కూడా వంకరగానే అతికేవాడు, ఎప్పుడూ ఎడమ పక్క ఎక్కువ పోసేవాడు. నీ ఫొటో భూతద్దంలో చూశాను. ఎడమ పక్క ముద్ద కట్టి ఉంది. అది నా తమ్ముడి చెయ్యి. వాడి దస్తూరీ కంటే బాగా గుర్తుపడతాను.

పందెం అయిన పది రోజులకి వాడు వెళ్ళిపోయాడు. బండి నా కళ్ళ ముందు ఉండొద్దు, తీసుకుపో అన్నది నేనే. ఆ పది రోజులూ నేను గ్యారేజీ గడప తొక్కలేదు, అంత కోపం. తాళం వాడి దగ్గరుంది. నీ పెచ్చు చూపిస్తే ఇర్మా ఏమందో తెలుసా? "ఎర్ర డబ్బా సగమైపోతే నువ్వే వాడావనుకున్నా" అంది. ముప్పై తొమ్మిదేళ్ళు నోట్లో పెట్టుకుని ఉంది ఆ మాట. అడగందే ఎందుకు చెప్తానంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

పందేలకి ముందు శుక్రవారం ఆ రోల్‌బారు నేనే మళ్ళీ అతికాను. ఆ ఉక్కుని అతికాక నెమ్మదిగా చల్లారనివ్వాలి. నిప్పుకి కాలని రాతినార గుడ్డ కప్పి, తలుపులన్నీ మూసి, గాలి తగలకుండా గంటలు ఆగాలి. వేడి మీద చల్లగాలి తగిలితే అతుకు అంచున గొట్టం గాజులాగా పెళుసెక్కుతుంది. ఇది నేనే పదిమందికి చెప్పాను. ఆ రోజు మన లోయలో మంచు, చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. లోపల పొగ, నాకు దగ్గు. తలుపు పైకెత్తాను. తడి మంచు నేరుగా వచ్చి అతుకు మీద పడింది.

డెల్బర్ట్ టైర్లు ఎక్కిస్తున్నాడు. "అన్నా, తలుపు మూయి. అతుకు ఇంకా ఎర్రగా ఉంది" అన్నాడు.

నేనేమన్నానో అక్షరం మర్చిపోలేదు. "నువ్వు తోలు, నేను అతుకుతా" అన్నాను.

వాడు తల వంచుకుని టైర్ల పనిలో పడ్డాడు. పందెం రోజు సగం దారిలో, నూట ఎనభై మైళ్ళ వేగంలో, సీటు వాడి కింద కుంగి ఉంటుంది. కాలు తీశాడు. తీయకపోతే ఆ మిగిలిన ఒక వంతు కూడా పోయేది. నీకు అప్పుడు ఐదేళ్ళు.

నేను వెనక పికప్పులో చేరి, గ్యాలరీలో జనం చూస్తుండగా ఏమన్నానో కూడా చెప్తాను. దాచేవాణ్ణి కాదన్నాను కదా. "ఈసారి మీ ఆడవాళ్ళని కూర్చోబెట్టు, వాళ్ళకైనా కాలు నిలుస్తుందేమో" అన్నాను. జనం నవ్వారు. వాడూ కొంచెం నవ్వినట్టు ముఖం పెట్టాడు.

చెప్పొచ్చు కదా ఆ వెధవ. "అన్నా, నీ అతుకు పోయింది" అని ఒక్క ముక్క. నా పేరు పోతుందని, మూడు జిల్లాలవాళ్ళు నా గ్యారేజీకి రావడం మానేస్తారని మింగాడు. నా పరువు కాపాడుతున్నాననుకున్నాడు. మిగతా బళ్ళలో ఎవడైనా చచ్చుంటే ఏం చేసేవాడు? వాటికి మంచు తగల్లేదు కాబట్టి సరిపోయింది. బతికుంటే రైలెక్కి వచ్చి తన్నేవాణ్ణి. బతికి లేడు. ఎవణ్ణి తన్నాలో తెలియక ఇవాళ పొద్దున పికప్పు చక్రాన్ని తన్నాను, బొటనవేలు వాచింది.

ఇంకోటి కూడా ఆలోచించాను, రాస్తున్నాను, నువ్వు ఎవరికీ చూపించకు. వాడి ప్రాణం కంటే నా పేరు నాకు ఎక్కువని వాడు అనుకున్నాడు. అలా అనుకునేలా బతికింది నేనే.

మీ పెదనాన్న

*

జాప్లిన్
20 మే 2003

పెదనాన్నకు,

మీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి చేరాయి. మొదటిది చదివి పొయ్యిలో వేశాను. రెండోది లైల్‌కి చదివి వినిపిద్దామని మొదలెట్టి మధ్యలో అతని చేతికిచ్చేశాను. ఎవరికీ చూపించొద్దన్నది ఆఖర్న రాశారు, నా తప్పు కాదు.

నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పెదనాన్నా, నా కోపం తగ్గలేదు, ఎటు తిరిగిందో తెలియట్లేదు. నాన్న మీ దగ్గర దాచాడు, సరే. నా దగ్గర ఎందుకు? బళ్ళో పిల్లలు వాళ్ళ నాన్నల గురించి చెప్పుకుంటుంటే నేను "మా నాన్నకి రేసు బండి ఉంది, కానీ భయమేసి మానేశాడు" అని చెప్పేదాన్ని. ఆయన వింటూ రొట్టె తినేవాడు.

ఒకటి అడుగుతాను. అక్టోబర్లో బండి మోగించేటప్పుడు పాత డ్రైవరు బతికుంటే ఆయన్నే సీట్లో కూర్చోబెడతారు. నాన్న లేడు. మీరు కూర్చోండి. కట్టింది మీరు. నాన్నకీ ఇష్టమే అనుకుంటాను.

ఆ తొడుగు ఏం చేయాలో చెప్పండి. కొత్త గొట్టం వేసి నున్నగా చేసేస్తే ఎవరికీ తెలియదు.

డార్లా

*

ఆయిల్‌డేల్
11 జూన్ 2003

డార్లాకి,

ముందు తొడుగు సంగతి. ముట్టుకోవద్దు. నా పగులూ వాడి ఇత్తడీ ఎలా ఉన్నవి అలా ఉండాలి, చూసేవాళ్ళకి కనబడాలి. బరువు మోయడానికి పక్కన కొత్త గొట్టం ఒకటి, పగులు దాటేలా వేయించు. పని తెలిసినవాడిచేత వేయించు. గుడ్డ కప్పి చల్లారనివ్వమను. కొట్టం తలుపు మూయించు, నువ్వే దగ్గరుండి మూయించు. పొగ వస్తే దగ్గమను.

సీటు ముందు డెల్బర్ట్ టాకెట్ అని రాయించు. నా పేరు ఎక్కడా వద్దు అనబోయి ఆగాను, అది కూడా గొప్ప చూపించుకోవడమే అంటుంది ఇర్మా. కాబట్టి తొడుగు దగ్గర చిన్నగా రాయించు: అతికింది ఆర్వల్. అంతే చాలు.

ఇక గురువారం ఏమైందో విను. ప్రతి గురువారం మధ్యాహ్నం పాత రేసువాళ్ళం స్పెయిన్ నుంచి వచ్చిన బాస్కు వాళ్ళ హోటల్లో పొడుగు బల్ల దగ్గర కూర్చుంటాం. ఊరబెట్టిన ఎద్దు నాలుక, చిక్కుడు గింజల పులుసు, పుల్లటి రొట్టె తింటూ అబద్ధాలు చెప్పుకుంటాం. ఆ రోజు జనం ముందర అన్నాను కాబట్టి జనం ముందరే చెప్పాలనుకున్నాను. ఇర్మా ఇస్త్రీ చొక్కా ఇచ్చింది. పులుసు అయ్యాక లేచి నిలబడ్డాను. జీవితంలో నిలబడి మాట్లాడ్డం అదే మొదలు. అరవై నాలుగులో నా తమ్ముడు కాలు తీసింది భయంతో కాదు, నా అతుకు పగిలి, ఆ తలుపు తెరిచింది నేనే అని అన్నీ చెప్పాను. నా గొంతు నాకే వినపడదు కదా, అరిచానట. వంటాయన కూడా బయటికొచ్చాడట.

ఏమన్నారనుకున్నావు? సగంమందికి నాలాగే చెవులు లేవు. మాలో హోయ్ట్ అని ఒకడు కాగితం మీద రాసి చూపించాడు: "అది అరవై నాలుగు కాదు, అరవై మూడు." కాదురా అన్నాను. దాని మీద గంటసేపు కొట్టుకున్నారు. ఒకడు ఆఖరి పోటీ అసలు వానకి ఆగిపోయిందంటాడు. ఇంకొకడు డెల్బర్ట్ అంటే పొట్టిగా ఉండేవాడేనా అంటాడు. ఆ రోజు నవ్విన మనిషి ఆ బల్ల దగ్గర ఒక్కడూ లేడు. నవ్వినవాళ్ళు సగం పోయారు, మిగతావాళ్ళు మర్చిపోయారు. వాడు ఎవరి ముందు నా పేరు నిలవాలని ఊరొదిలి పాల లారీ తోలాడో వాళ్ళకి వాడి ఎత్తు కూడా గుర్తులేదు.

నేను కూర్చుని నాలుక తిన్నాను. ఇంకేం చేస్తాను.

పోయేటప్పుడు హోయ్ట్ నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడలేదు. మళ్ళీ అడగలేదు.

సీట్లో నేను కూర్చోను. ఆ బండిలో నేనెప్పుడూ కూర్చోలేదు, ఇప్పుడు వాడు లేనప్పుడు కూర్చోవడం దొంగతనం. ఇంకెవరినైనా చూసుకో.

పెదనాన్న

*

జాప్లిన్
14 సెప్టెంబర్ 2003

పెదనాన్నకు,

కొత్త గొట్టం పడింది. తలుపు నేనే మూశాను. వెల్డింగు చేసే అతను చెమటలో మునిగి, ఎవరమ్మా నీకు ఇది చెప్పిందీ అని అడిగాడు. తెలిసినాయన అన్నాను.

పేరు రాయించాను. అక్షరాలు రాసే ముసలాయన సీటు ముందు రేకు మీద సుద్దముక్కతో గీత గీసి, "మీ నాన్న ఎలాంటి మనిషి? నిలువుగా రాయనా, ముందుకి వాలినట్టు రాయనా?" అన్నాడు. వాలినట్టు రాయమన్నాను.

ఇంజిన్ మోగింది, కొట్టంలో కిటికీలు రెండు పోయాయి. రంగు నేనే కలిపాను, పదకొండోసారికి కుదిరింది. ఇరుసు క్రోమ్ తీయించాను. లైల్ దిగులుగా ఉన్నాడు, కానీ మీకిది చెప్పమన్నాడు.

అక్టోబర్ 17 శుక్రవారానికి మీ ఇంటికి చేరతాం. కానీ సీట్లో ఎవరూ లేరు పెదనాన్నా. లైల్ పట్టడు, మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. ఆ పండగ నడిపేవాళ్ళు ఎవరో పేరున్న డ్రైవరుని ఇస్తామన్నారు. నాకు మనసొప్పట్లేదు. ఇంకోసారి ఆలోచించండి.

డార్లా

*

ఆయిల్‌డేల్
23 సెప్టెంబర్ 2003

డార్లాకి,

పేరున్న డ్రైవరు ఎవడూ వద్దు. పేరు రేకు మీద ఉంది కదా, అది చాలు.

నువ్వు కూర్చో.

నవ్వకు. అంతమంది ముందర ఏమన్నానో నీకు రాశాను. మీ ఆడవాళ్ళని కూర్చోబెట్టు అన్నాను, తిట్టుగా అన్నాను. ఆ మాట ఇక తిట్టుగా ఉండకూడదు. దాన్ని పోగొట్టడానికి నాకింకో దారి తెలియదు. మీ నాన్న ఎత్తే నువ్వూ, ఇర్మా దగ్గర నీ పెళ్ళి ఫొటో ఉంది, కొలిచాను.

నువ్వు తోలు, నేను తోస్తా. ఆ పాత పికప్పు ఇంకా నా దగ్గరే ఉంది. బంపరు మీద ఎర్ర మరకలు ఇప్పటికీ పోలేదు. బ్రేకులు కొత్తవి వేయించాను. నా లైసెన్సు సంగతి ఇర్మాని అడగకు.

ఎలా చేయాలో చెప్తాను, బట్టీ పట్టు. వెనక కడ్డీకి నా బంపరు ఆనిస్తాను. కుదుపు ఉండదు, ఉంటే అది నా తప్పు, నీది కాదు. క్లచ్ తొక్కి ఉంచు. నేను తోసుకుంటూ పోతాను. గంటకి ముప్పై ఐదు మైళ్ళ వేగానికి వచ్చాక క్లచ్ వదులు. ఇంజిన్ తిరుగుతుంది గానీ లేవదు. కంగారు పడకు, దానికి అదే పద్ధతి. నూనె ఒత్తిడి చూపే ముల్లు చూడు. ముల్లు పైకి లేచేదాకా ఏమీ చేయకు. లేచాక పెట్రోలు మీట, తర్వాత స్విచ్చి. ఆ వరుస తప్పకూడదు. మీ నాన్న ఆ మూడూ పాటలాగా గొణుక్కుంటూ చేసేవాడు, పెదాలు కదిలేవి.

ఇంజిన్ లేచిందని నాకెలా తెలుస్తుందని లైల్ అడిగాడన్నావు ఇర్మాతో ఫోన్లో. నాకు వినపడదు, నిజమే. కానీ బండి లేచినప్పుడు నా బంపరు మీద బరువు ఒక్కసారిగా తేలికవుతుంది. స్టీరింగులో తెలుస్తుంది, పిరుదుల కింద తెలుస్తుంది. చెవులు బాగున్న రోజుల్లో కూడా నేను చెవులతో తెలుసుకోలేదు. మీ నాన్న ప్రతిసారీ అలాగే నా బంపరు వదిలిపెట్టి ముందుకి పోయేవాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యి ఊపలేదు. నేనూ ఊపమని అడగలేదు.

శుక్రవారం రాగానే భోజనం మన ఇంట్లోనే. ఇర్మా చిక్కుడు గింజలు వండుతుంది, ఉప్పు ఎక్కువేస్తుంది, తిను. తర్వాత గ్యారేజీలోకి పోయి ఆ తొడుగు నేను ఒక్కణ్ణే చూస్తాను. ఎవరూ వెనక రావద్దు.

ఇంకొక్కటే. బండి లేచాక సీటు కింద ఏదైనా తేడాగా అనిపిస్తే, ఏదైనా సరే, చిన్నదైనా, నీకే అనుమానంగా ఉన్నా, కాలు తీసెయ్. ఎందుకు తీశావని నేను అడగను.

మీ పెదనాన్న
ఆర్వల్